సీటు వెనక పట్టు

ఆఖరి బస్సు తప్పిపోవడంతో ఒక నర్సు ఆస్పత్రి ముందున్న స్టాండులో అద్దె సైకిల్ తీసుకుంది. ఫోన్ చూపించగానే తాళం టక్కున ఊడింది. సైకిల్ తొక్కి ఇరవై ఏళ్లయింది. కాసేపు వంకర టింకరగా పోయింది. ఇక పడతాననుకునేంతలో, ఎవరో సీటు వెనక పట్టుకున్నట్టు సైకిల్ నిలదొక్కుకుంది.

రోడ్డు మీద పురుగు లేదు. వెనక మాత్రం చెప్పుల చప్పుడు, తనతో సమానంగా పరిగెడుతూ. తల తిప్పి చూస్తే ఎవరూ లేరు. తొక్కుతూనే అక్కకి ఫోన్ చేసింది.

"అక్కా, వెనక ఎవరో పట్టుకుని పరిగెడుతున్నట్టుంది. చిన్నప్పుడు నాన్న నేర్పాడు చూడు, అచ్చం అలాగే."

"అయితే నాన్నేలేవే. తోడొచ్చుంటాడు," అంది అక్క నిద్రమత్తులో.

పోయి ఐదేళ్లయినా నాన్న నాన్నే కదా అనుకుంటే కాస్త ధైర్యం వచ్చింది. ఇంటి దగ్గరి స్టాండు కనబడగానే బ్రేకు నొక్కింది. సైకిల్ ఆగలేదు.

"చాలు నాన్నా, వచ్చేశాను. వదిలెయ్."

సీటు వెనక పట్టు ఇంకా బిగిసింది. స్టాండు దాటిపోయింది. వీధి దీపాలు కూడా అయిపోయాయి.

"ఇంకొక్క రౌండు," అంది వెనకనుంచి ఒక గొంతు, ఎంతో ముద్దుగా.

అది నాన్న గొంతు కాదు.