నిమ్మకాయలు తొక్కిన లారీ

ఆటోనగర్‌లో మస్తాన్ షెడ్డుకొచ్చిన పాత డీజిల్ లారీలు ఊళ్లో బ్యాటరీ మీద, హైవే మీద డీజిల్‌తో నడిచేలా మారిపోతున్నాయి. ఆ ఉదయం కోటయ్య లారీ తయారైంది.

"అడ్డం ఏదొచ్చినా కెమెరా చూసి బండిని ఆపేస్తది బాబాయ్. మీరు బ్రేకు తొక్కక్కర్లేదు," అన్నాడు మస్తాన్.

కోటయ్య కొబ్బరికాయ కొట్టి, ముందు చక్రాలకు ఎదురుగా నిమ్మకాయలు పెట్టి బండెక్కాడు. లారీ కదల్లేదు. వైర్లన్నీ వెతికాక మస్తాన్‌కు అర్థమైంది, కెమెరా నిమ్మకాయల్ని అడ్డం అనుకుంటోంది.

"తీసెయ్యనా?"

"నిమ్మకాయలు తొక్కకుండా బండి గేటు దాటించను అబ్బాయ్!"

మస్తాన్ విసుక్కుంటూ కెమెరా ఫ్యూజు పీకాడు. నిమ్మకాయలు చితికాయి. కోటయ్య నవ్వుతూ చెయ్యూపి, ఆగకుండా వెళ్లిపోయాడు.

మస్తాన్ చేతులు తుడుచుకోబోతే గుప్పిట్లో ఫ్యూజు కనిపించింది. కెమెరా పనిచెయ్యకుండానే లారీ వెళ్లిపోయింది. బళ్లు వాటంతటవే ఆగడం మొదలయ్యాక ఊళ్లో పిల్లలు కూడా అటూ ఇటూ చూసి రోడ్డు దాటడం మానేశారు.

"బాబాయ్, ఆపండి!" అని అరుస్తూ నడిరోడ్డు మీద పరిగెత్తాడు. వచ్చే బళ్లన్నీ అతన్ని చూసి బుద్ధిగా ఆగిపోయాయి. ఆగాల్సిన ఆ ఒక్క లారీ మాత్రం, చప్పుడన్నది లేకుండా, బడి ఉన్న సందులోకి తిరిగింది.