మెట్ల మీది మనిషి

రాజలింగం సంచి చంకన పెట్టుకుని వార్డులోంచి పారిపోతున్నాడు.

మర్నాడే ఆపరేషన్. గుండెలో పాడైపోయిన కవాటం తీసేసి కొత్తది వేస్తామన్నారు డాక్టర్లు. వేయకపోతే ఏడాది గడవడం కూడా కష్టమన్నారు.

భార్య సంధ్య మందులు తేవడానికి వెళ్ళింది. ఆమె వచ్చేలోగా గేటు దాటేయాలనుకున్నాడు.

నాలుగు మెట్లు దిగేసరికే ఆయాసం ముంచుకొచ్చింది. గోడ పట్టుకుని కూలబడ్డాడు.

"మెల్లగ, తమ్మీ" అన్నారెవరో, ఆ మరాఠీ నగరంలో తెలుగులో.

పక్కనే మెట్టు మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ లేని తెల్ల చొక్కా, ధోవతి.

"నీదేవూరు కాకా?" ఊపిరి అందాక అడిగాడు రాజలింగం.

"పాలమూరు దిక్కు. ఇప్పుడు నాగ్‌పాడాల ఉంటున్న. నువ్వు?"

"కామాటిపుర. ఈడనే పుట్టిన. బిల్డింగులకు రంగులేస్త."

"రేపు ఆపరేషన్ వెట్టుకోని ఎటు పోతున్నవ్?"

రాజలింగం ఉలిక్కిపడ్డాడు. "నీకెట్ల ఎరుక?"

"భయపడ్డోళ్ళంత ఈ మెట్లమీదికెల్లే పోతరు. లిఫ్టుకాడ నర్సు చూస్తదని."

రాజలింగానికి ఒళ్ళు మండింది. "దవాఖానోళ్ళ మనిషివా? మమ్మల్ని పట్టిస్తే నీకేమన్న ఇస్తరా?"

ముసలాయన కోప్పడలేదు. చొక్కా పైగుండీలు విప్పాడు. రొమ్ము నడిమధ్య నిలువునా పాత కోత గుర్తు.

"చెవి వెట్టు."

"ఏందీ?"

"వెట్టి సూడు, ఏం కాదు."

రాజలింగం మొహమాటపడుతూనే వంగాడు.

టిక్... టిక్... టిక్...

చేతిగడియారంలా సన్నగా, సాఫీగా.

"రేపు నీకేసేది గిదే వాల్వు. మన దేశంల చేసిందే. నా లోపటికొచ్చి ముప్పై ఏండ్లు దాటింది. దీంతోనే సిమెంటు కలిపిన. ఇది ఏసినంకనే నాకు బిడ్డ పుట్టింది."

రాజలింగం తన రొమ్ము మీద చెయ్యి వేసి చూసుకున్నాడు.

"నీకు భయం కాలేదా కాకా?"

"ఎందుకు కాలే? మస్తయింది."

"మరి నీకు ధైర్యం ఎవలు చెప్పిన్రు?"

ముసలాయన గుండీలు పెట్టుకున్నాడు.

"చెప్పెటోళ్ళు లేకుండె. అందుకే ఈడొచ్చి కూసుంట."

పాపం, ఊరుగాని ఊళ్ళో నా అన్నవాళ్ళు లేకపోయారేమో అనుకున్నాడు రాజలింగం.

ఇంతలో సంధ్య మందులతో మెట్లెక్కి వచ్చింది. "ఈడేం జేస్తున్నవ్? చేతిల సంచేంది?"

"గాలికొచ్చిన" అన్నాడు రాజలింగం.

ముసలాయన నవ్వి, సంచి తనే అందుకుని వార్డు దాకా మోసుకొచ్చాడు.

ఆపరేషన్ అయింది. రాజలింగం బతికాడు.

చాల్‌లోని తమ ఒంటిగది ఖోలీకి తిరిగొచ్చిన రోజు, ఏడేళ్ళ కూతురు ప్రణాలి పక్కన పడుకుని తండ్రి రొమ్ముకు చెవి ఆనించింది.

"బాబా, నీ లోపల ఘడ్యాళ్ ఉందా?" అని మరాఠీలో అడిగింది, గడియారం చప్పుడనుకుని.

సంధ్య నవ్వబోయి ఏడ్చేసింది.

"ఆ కాకాను ఒకపారి ఇంటికి పిలిచి అన్నం పెట్టాలె" అంది కళ్ళు తుడుచుకుంటూ. "పేరన్న అడగకపోతివి."

చెకప్‌కి వెళ్ళినప్పుడల్లా రాజలింగం ఆ మెట్ల వైపు వెళ్ళి చూశాడు. ఒకసారి కనిపించాడు కూడా. ఎవరో కుర్రవాడు వంగి ఆయన రొమ్ముకు చెవి పెట్టి ఉన్నాడు.

మధ్యలో అడ్డుపడటం ఎందుకని, వచ్చేసారి పలకరిద్దాంలే అని రాజలింగం వెనక్కి వచ్చేశాడు.

ఆ వచ్చేసారి రాలేదు. ఎప్పుడు వెళ్ళినా మెట్లు ఖాళీగానే ఉన్నాయి.

మరుసటి ఏడు ఆ కవాటాన్ని తయారుచేసిన బృందానికి పెద్ద విజ్ఞాన పురస్కారం వచ్చింది. ఆస్పత్రి వాళ్ళు సభ పెట్టి, దాన్ని వేయించుకున్న వాళ్ళందరినీ పిలిచారు.

"ఆయన కూడ వస్తడు సూడు" అంది సంధ్య. ఆయన కోసం తియ్యటి బక్షాలు చేసి డబ్బాలో సర్దింది. ప్రణాలికి కొత్త గౌను తొడిగింది.

హాల్లోకి అడుగుపెట్టగానే రాజలింగం ధోవతి కట్టుకున్న ప్రతి ముసలాయన మొహంలోకీ చూశాడు. ఎక్కడా లేడు.

వేదిక వైపు చూసిన సంధ్య అతని చెయ్యి పట్టుకుంది.

వేదిక మీద బల్ల. బల్ల మీద ఫోటో. ఫోటోకు దండ.

ఇస్త్రీ లేని తెల్ల చొక్కాలో కాకా.

బృందం తరఫున తల నెరిసిన పెద్ద డాక్టరు పురస్కారం అందుకుని నేరుగా ఆ బల్ల దగ్గరికి వెళ్ళారు. దాన్ని ఫోటో ముందు పెట్టి, మైకు తీసుకున్నారు.

"ఈయన పేరు రాజమల్లు" అన్నారు హిందీలో. "చాన్నాళ్ళు మంచాన ఉండి, పోయిన నెల నిద్రలోనే వెళ్ళిపోయారు. ఇవాళ నా పక్కన నిలబెట్టాలనుకున్నాను. ఆపరేషన్‌కి ముందు ఈయన ఎవరెవరికి ధైర్యం చెప్పారో వాళ్ళు ఒకసారి చేతులెత్తండి."

రాజలింగం చెయ్యెత్తాడు. తనొక్కడే అనుకున్నాడు.

వెనక్కి తిరిగి చూస్తే హాలంతా చేతులే.

డాక్టరు ఆ చేతుల వంక చూస్తూ నిలబడిపోయారు.

"ఈ కవాటం మేం వేసిన మొదటి ఇద్దరూ బతకలేదు. ఆ మాట నా నోటితోనే విని, 'సరే సాబ్, మూడోది నాకు వెయ్యండి' అన్న మనిషి ఈయన."