పెద్ద పెట్టె మనిషి

ఆ పూట క్రూ బస్సులో స్వర్ణ సీట్లో ఎవరో కూర్చున్నారు.

పేరు రాసి లేకపోయినా ముందు వరుసలో కిటికీ పక్క సీటు స్వర్ణదేనని, గల్ఫ్‌లో విమాన సిబ్బంది ఉండే ఉమ్ ఘువైలినా క్రూ బిల్డింగ్‌లో అందరికీ తెలుసు.

"అయ్యో, నీదా?" అంటూ ఆమె పక్కకు జరిగింది. "నా పేరు నస్రీన్. మాది కర్నూలు. ఈ పొద్దు నుంచి హైదరాబాద్ ఫ్లైట్‌కు నేనూ వస్తాండా. మనం ముందే కలిసినాం, గుర్తుందా?"

ఆమె హ్యాండ్‌బ్యాగుకు పారిస్ హోటల్ ట్యాగ్ ఇంకా వేలాడుతోంది.

"పెద్ద పెట్టెలోళ్లు మాకేడ కలుస్తరు?" అంది స్వర్ణ. ఆమెది జగిత్యాల.

ఆ ఎయిర్‌లైన్‌లో క్రూ అంటే రెండు కులాలు. పారిస్, న్యూయార్క్ తిరిగే లాంగ్‌హాల్ వాళ్లవి పెద్ద పెట్టెలు. వెళ్లిన విమానంలోనే తిరిగొచ్చే షార్ట్‌హాల్ వాళ్లకు చేతిసంచి చాలు. వాళ్లు ఈఫిల్ టవర్ కింద ఫోటోలు దిగుతారు. వీళ్లు హైదరాబాద్ దాకా పోయి, విమానం తలుపు దగ్గర నిలబడి కాస్త గాలి పీల్చుకుని వెనక్కొస్తారు.

స్వర్ణ లాంగ్‌హాల్ కోసం అడుగుతూనే ఉంది. ఇప్పుడు కాదనే జవాబు వస్తూనే ఉంది.

తనతో పాటు చేరిన రాణి ఎప్పుడో లాంగ్‌హాల్‌కు వెళ్లిపోయింది. రాణి ఫోటో పెట్టినప్పుడల్లా స్వర్ణ లైక్ కొట్టి, ఫోన్ బోర్లా పెట్టేది.

వరల్డ్‌కప్ దగ్గర పడుతోంది. స్టేడియం పనులు అయిపోయి ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులు ఖాళీ అవుతున్నాయి. హైదరాబాద్ ఫ్లైట్ నిండా ఇళ్లకు పోయే కూలీలే. లాంగ్‌హాల్‌కు ఆఖరుగా ఒక బ్యాచ్‌ని తీసుకుంటారని, ఆ తర్వాత కప్పు అయ్యేదాకా బదిలీలుండవని చెప్పుకుంటున్నారు.

ఇలాంటప్పుడు పై నుంచి ఒకామె కిందికి దిగడమేమిటి?

తన నెత్తిన కూర్చోబెట్టడానికే అనుకుంది స్వర్ణ.

విమానంలో ఒక పెద్దాయన బెల్టుతో కుస్తీ పడుతున్నాడు. "బిడ్డా, గిదెట్ల తియ్యాలె?"

స్వర్ణ కదిలేలోపే నస్రీన్ ఆయన దగ్గరుంది. "ఇట్ల పైకి లేపల్ల, పెదనాయనా."

"నీది సీమ మాటనా బిడ్డా? ముద్దుగున్నది."

స్వర్ణకు ఒళ్లు మండింది. ఈ విమానంలో ఇన్నాళ్లూ బిడ్డా అని పిలిపించుకున్నది తను. తనకంటూ ఉన్నది ఆ పిలుపొక్కటే. పారిస్ చూసొచ్చినామెకు ఇది కూడా కావాలా?

వంటగది మూలన ట్రేలు సర్దుతుంటే నస్రీన్ మెల్లగా అంది. "స్వర్ణా, డ్యూటీ అయినాక నీకొక మాట చెప్పల్ల."

"డ్యూటీ అయినంక నాకు నిద్ర కావాలె."

మర్నాడు బస్సులో నస్రీన్ మళ్లీ నోరు తెరవబోయింది. స్వర్ణ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది.

ఆ సాయంత్రమే రోస్టర్ ఆఫీసుకు వెళ్లింది. ఎవరు ఏ ఫ్లైట్‌కో తేల్చే జహాంగీర్‌ది లక్నో. తెలుగు ముక్క రాదు. మాటలన్నీ హిందీలోనే.

"నస్రీన్ తెలుగు మా ప్రయాణికులకు అర్థం కావడం లేదు సార్. యాస వేరు. ఎమర్జెన్సీ వస్తే ప్రమాదం."

ఎమర్జెన్సీ అనే మాట పడ్డాక ఏ ఎయిర్‌లైన్‌లోనూ ఎవరూ వాదించరు.

జహాంగీర్ కంప్యూటర్ మీంచి తలెత్తాడు. "నిజమేనా?"

"తెలుగుదాన్ని, నేను చెప్తున్నా కదా సార్."

"సరే. నీ ఇష్టం."

నీ ఇష్టం అన్నాడేమిటని కూడా అనుకోలేదు స్వర్ణ. ఆ వారంలోనే నస్రీన్ పెద్ద పెట్టె పట్టుకుని తిరిగి లాంగ్‌హాల్‌కు పోయింది. కిటికీ పక్క సీటు మళ్లీ తనదైంది. ఆ రోజు వండుకున్న పప్పులో ఉప్పు కూడా సరిగ్గా కుదిరింది.

ఆఖరు బ్యాచ్ పేర్లు వచ్చాయి. స్వర్ణ పేరు లేదు. నేరుగా జహాంగీర్ దగ్గరికి వెళ్లింది.

"మళ్లీ నన్ను ఎందుకు వదిలేశారు సార్?"

"నీ పేరు ఉండింది. నువ్వే తీయించావు."

"నేనా?" అంది స్వర్ణ.

"తెలుగు వచ్చిన మనిషి లేకుండా హైదరాబాద్ ఫ్లైట్ పంపకూడదు. ఇన్నాళ్లూ నిన్ను వదలనిది అందుకే," అన్నాడు జహాంగీర్. "నస్రీన్ తన లాంగ్‌హాల్ సీటు నీకిచ్చి, నీ చోటికి తాను వస్తానంది. ఆమె తెలుగు పనికిరాదని చెప్పింది నువ్వే. నీకు అన్నీ తెలిసే చెప్తున్నావనుకున్నాను."

"నేను అబద్ధం చెప్పాను సార్. కడుపుమంటతో చెప్పాను. ఆమెను మళ్లీ అడగండి."

"నువ్వు వద్దన్న రోజే ఆమెను అడిగాను. స్వర్ణకు ఇష్టం లేదేమో వదిలేయండి అంది. బదిలీలు నిన్నటితో ఆగిపోయాయి."

బయట రోడ్డు మీద వరల్డ్‌కప్ జెండాలు కడుతున్నారు.

"ఇంతమందిలో నా పేరే ఎందుకు చెప్పింది సార్?"

"నేనూ అదే అడిగాను," అన్నాడు జహాంగీర్. "మనిషిని మనిషి ముట్టుకోవడానికి భయపడిన కరోనా రోజుల్లో తాను తండ్రి చావుకు పోతూ, మాస్కు వెనక ఏడుస్తూ చివరి వరుసలో కూర్చుంటే, గ్లవ్స్ తీసేసి బెల్టు లైటు వెలిగేదాకా తన చేయి పట్టుకున్న క్రూ అమ్మాయి బ్యాడ్జి మీద ఆ పేరే చదివిందట."