క్లాసు ఫోటో

"అందరూ ఇటు చూడండి. వెనక గోడ గడియారం కూడా పడాలి, కాస్త వంగండి" అంది టీచరు ఫోన్ పైకెత్తి.

"గడియారం మాకన్నా అందంగా ఉంటుందా మేడమ్?" మొదటి బెంచీలోంచి అడిగింది, బడంతా టపాకాయ అని పిలిచే పిల్ల.

క్లాసంతా గొల్లుమంది. ఆ పిల్ల నోరు విప్పితే చాలు, నవ్వడానికి అందరూ సిద్ధం. టీచరుకి ఒళ్లు మండింది.

"క్లాసు టైముకి జరిగిందని ఆఫీసుకి తెలియాలిగా" అంది, తనూ ఓ మూల పడేలా ఫోన్ తిప్పుకుంటూ.

ఎప్పట్లాగే ఫోటోలో ఆడపిల్లలే. అబ్బాయిలు కిటికీ వైపు, కెమెరాకి అందకుండా. "మేమేం పాపం చేశాం మేడమ్?" అని వాళ్లు ఏడుపు మొహాలు పెట్టారు.

"మీ కోతిచేష్టలు చూస్తే క్లాసు ఎత్తేస్తారు" అంది టీచరు. దానికి మాత్రం ఎవరూ పెద్దగా నవ్వలేదు.

టైంటేబుల్లో ఆ పీరియడ్ పేరు జీవన నైపుణ్యాలు. పిల్లలు పెట్టుకున్న పేరు ప్రేమ పీరియడ్. ప్రేమ పేరుతో ఎవరైనా బెదిరిస్తే, చెయ్యి చేసుకుంటే, వద్దన్నా మీద చెయ్యి వేస్తే ఏం చెయ్యాలో చెప్పే క్లాసు. పాఠాలన్నీ టీచరే కూర్చుని తయారు చేసుకుంది. ప్రతిసారీ బోర్డు మీద ముందుగా ఒకే మాట రాస్తుంది: "ప్రేమకి కాపలా అక్కర్లేదు."

పోయిన వారం దాకా ఆ మాట బోర్డు మీదే ఉండేది. దాన్ని బోర్డు మీంచి దించి చేతల్లో చూపించింది టపాకాయ. ఆ పిల్లతో ఆర్నెల్లుగా స్నేహం చేస్తున్న పై తరగతి అబ్బాయి, మెట్ల దగ్గర చెయ్యి మెలిపెట్టి ఫోన్ పాస్‌వర్డ్ చెప్పమన్నాడట. "చెప్పను. ఇవాళ్టితో నీకూ నాకూ చెల్లు" అని అందరి ముందూ అనేసి, నేరుగా హెడ్‌మాస్టరు గదిలోకి నడిచిందట. గొంతైనా వణకలేదట. బడంతా అదే మాట.

అప్పట్నుంచి ఆడపిల్లలు సలహాలకి టీచరు దగ్గరికి రావడం మానేశారు. ఇంటర్వెల్ అయితే చాలు, టపాకాయ చుట్టూ ముసురుతున్నారు. సొమ్మొకరిది, సోకొకరిది.

ఏం చూసుకుని దానికంత ధైర్యం? నిండా పదహారేళ్లు లేవు. జడ తిన్నగా వేసుకోవడం రాదు. పేపర్లు దిద్దుతున్నా అదే ఆలోచన, అన్నం తింటున్నా అదే ఆలోచన. ఇది అసూయేనని టీచరుకి తెలుసు. తెలిసినంత మాత్రాన తగ్గుతుందా?

"చిన్నపిల్ల మీద కుళ్లేంటండీ టీచర్‌గారూ?" స్టాఫ్‌రూములో లెక్కల మాస్టారు ఆటపట్టించాడు. "మీ పాఠం మీకన్నా అదే బాగా చెప్తోందనా?"

"అవును. అందుకే" అంది టీచరు. మాస్టారు టీ గ్లాసు అందుకున్నాడు.

మళ్లీ ప్రేమ పీరియడ్ వచ్చిన రోజు, బెల్లు కొట్టకముందే టపాకాయ ఒక్కతే క్లాసులోకి వచ్చింది.

"మేడమ్, వాడు సారీ చెప్పాడు. ఏడ్చాడు కూడా. నేనంటే ప్రాణమట, అందుకే అనుమానమట. సాయంత్రం గేటు దగ్గరికి రమ్మన్నాడు. వెళ్లనా?"

ఇవాళ ఆ గొంతు వణికింది. టీచరుకి లోలోపల హాయిగా అనిపించింది. "పాపం, ఒక్క అవకాశం ఇచ్చి చూడు" అంటే సరిపోతుంది. ఇదీ అందరిలాగే అయిపోతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"మీరెలా చెప్తే అలా చేస్తా మేడమ్. ఆవేళ మెట్ల దగ్గర కూడా మీ అక్షరాలే కళ్లముందు కనబడ్డాయి. లేకపోతే నాకంత ధైర్యం ఎక్కడిది?"

టీచరు చేతిలోని చాక్‌పీసు బల్ల మీద పెట్టేసింది.

"వెళ్లకు" అంది చివరికి. "ఏడుస్తాడు. సారీ చెప్తాడు. మళ్లీ ఏదో ఒకటి అడుగుతాడు. ఒకటి ఇస్తే ఇంకోటి. దానికి అంతుండదే పిల్లా. సాయంత్రం మీ అమ్మని రమ్మను, ఒంటరిగా బయటికి అడుగు పెట్టకు. హెడ్‌మాస్టరుగారితో నేను మళ్లీ మాట్లాడతాను."

టపాకాయ కళ్లు తుడుచుకుని నవ్వింది. "మిమ్మల్ని చూస్తే నాకు భలే కుళ్లు మేడమ్. మిమ్మల్ని ఎవరూ భయపెట్టలేరు."

ఇంతలో బెల్లు మోగింది. పిల్లలు బిలబిలా వచ్చి కూర్చున్నారు. టీచరు ఫోన్ పైకెత్తింది. ఆడపిల్లలు వంగారు. గడియారం పడింది, తనూ పడింది. సరిగ్గా అప్పుడే వెనక తలుపు దగ్గర లెక్కల మాస్టారు డస్టర్ కోసం వచ్చి నిలబడ్డాడు.

"ఫోటోలోకి రాకండి మాస్టారూ!"

ఆయన చటుక్కున పక్కకి తప్పుకున్నాడు. పిల్లలు నవ్వారు, టీచరూ నవ్వింది. ఫోటో పంపేసి, చాక్‌పీసు తీసుకుని బోర్డు వైపు తిరిగింది.

"ప్రేమకి కాపలా" వరకు రాసిందో లేదో, బల్ల మీది ఫోన్‌లో ఆమె భర్త దగ్గర్నుంచి జవాబు వచ్చింది: "తలుపు పక్కన ఆ మోచెయ్యి ఎవడిది?"