చేతికి పట్టని గాజులు

“పద్మా, నీ చేతి గాజులు రెండు ఇటియ్యవే.”

అచ్చమ్మ గొంతు విని మామిడితోటలో కోత కోస్తున్న వాళ్లంతా ఆగిపోయారు.

మేనకోడలు పద్మ బెదురుగా రెండు మట్టిగాజులు తీసి ఇచ్చింది.

చెట్టు కింద గడ్డి పరిచి కాయలు పేరుస్తున్నాడు డేవిడ్ రాజు. అచ్చమ్మ వెళ్లి వాటిని అతని ముందు పెట్టింది.

“తొడుక్కో.”

అతను తలెత్తాడు.

ఐదు రోజుల కిందట రెడ్డిగూడెం వచ్చి, ఈ కోత ముఠాలో పనికి కుదిరాడు. ఏ ఊరో ఎవరూ అడగలేదు. ఈ పొద్దునే అతని సంచిలో మిలిటరీ కార్డు పద్మ కంటపడింది.

“సరిహద్దులో కాల్పులు జరుగుతున్నాయి. సెలవులన్నీ రద్దన్నారు. నా కొడుకు శ్రీధర్ కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. నువ్వేమో ఇక్కడ నీడపట్టున కాయలు పేరుస్తున్నావా?”

“ఎడమ పక్కన నిలబడి ఎంత అరిచినా పలకడు పిన్నీ. ఇంక యుద్ధం పిలిస్తే పలుకుతాడా?” చెట్టుమీద నుంచి ఎవరో అన్నారు.

అందరూ నవ్వారు.

డేవిడ్ రాజు ఏదో చెప్పబోయాడు. అచ్చమ్మ ముఖం చూసి ఆగిపోయాడు.

గాజులు చేతిలోకి తీసుకున్నాడు.

“నా చేతికి పట్టవమ్మా. దాచిపెడతాను.”

లేచి, కొమ్మకు తగిలించిన చొక్కా జేబులో వాటిని వేసి, మళ్లీ పనిలో కూర్చున్నాడు.

“సిగ్గు కూడా లేదు,” అంది అచ్చమ్మ.

ఆమెకు శ్రీధర్ ఒక్కడే. ఆరు నెలల కిందటే గుండె ఆపరేషన్ అయింది. కొడుకు వెళ్లాక ఒక్కసారి కూడా గొంతు వినలేదు. అయితే ఈ మధ్య రోజూ సాయంత్రం ఏదో కొత్త నంబరు నుంచి మెసేజ్ వస్తోంది. పద్మ చదివి వినిపిస్తుంది.

‘అమ్మా, బాగున్నాను. ఇది ఫ్రెండు ఫోను, కాల్ చెయ్యొద్దు. మాత్రలు వేసుకో.’

ఆ రెండు ముక్కలు వింటేనే ఆమెకు అన్నం దిగేది.

ఆ సాయంత్రం కూడా వచ్చింది.

‘అమ్మా, చేతికి సొన పడితే అశ్రద్ధ చెయ్యకు. కొబ్బరినూనె రాసుకో.’

అచ్చమ్మ మణికట్టు చూసుకుంది. మధ్యాహ్నం కాయ తొడిమ విరుస్తుంటే సొన చిమ్మింది. పడినచోట కాలి ఎర్రబడింది.

“బావకెలా తెలిసిందత్తా?”

“కడుపున పుట్టినవాడే! ఆ మాత్రం తెలియదా?”

నూనె రాసుకుంటూ కళ్లు తుడుచుకుంది.

మూడు రోజుల తర్వాత, తోటలో అన్నాలు తిని లేస్తుండగా అచ్చమ్మ ఫోన్ మోగింది.

“అమ్మా...”

శ్రీధర్ గొంతు. బాగా నీరసంగా ఉంది.

“ఆస్పత్రిలో ఉన్నానమ్మా. భయపడకు, గండం గడిచింది.”

అచ్చమ్మ ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుంది.

“నీ మెసేజ్‌లు చూసుకునే బతికాను నాయనా!”

“మెసేజ్‌లా? పన్నెండు రోజులు నాకు స్పృహే లేదమ్మా. ఈ పొద్దునే కళ్లు తెరిచాను.”

“మరి రోజూ మాత్రలు వేసుకోమన్నది ఎవర్రా?”



“నన్ను భుజాన వేసుకుని మోసుకొచ్చినవాడై ఉంటాడు. నేను పడిపోయిన పేలుడులోనే వాడికీ దెబ్బ తగిలితే, సెలవు మీద పంపారట. స్పృహ తప్పేముందు వాడితోనే అన్నాను, ‘మా అమ్మ తట్టుకోలేదు, నేను లేచేదాకా తెలియనివ్వకు, కాస్త చూసుకో’ అని. ఇంటికి కబురు తనే చెబుతానని ఆఫీసర్లతో అన్నాడట. అమ్మా, నర్సు ఫోన్ అడుగుతోంది. మళ్లీ చేస్తాను.”

అచ్చమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

“పద్మా, ఆ నంబరుకి చెయ్యవే. ఎక్కడున్నాడో, ఏ తల్లి కన్న బిడ్డో, ఒక్క దణ్ణం పెట్టుకుంటాను.”

పద్మ నంబరు నొక్కింది.

దగ్గర్లోనే ఏదో గలగలమంది.

ఇద్దరూ అటు తిరిగారు.

కొమ్మకు వేలాడుతున్న చొక్కా జేబులో ఫోన్ అదురుతోంది. దానికి తగిలి రెండు మట్టిగాజులు మోగుతున్నాయి.

పేలుడులో ఎడమ చెవి వినికిడి పోగొట్టుకున్న డేవిడ్ రాజు మాత్రం, ఎడమ పక్కన మోగుతున్న ఆ చప్పుడు వినపడక, కాయలు పేరుస్తూనే ఉన్నాడు.