తపస్సు మాను

తపస్సు మాను సగం ఎక్కి ఆదిమూలం ఆగిపోయాడు.

"ఏమప్పా అర్జునా, ఆడే నిలబడితివి? పైకి పో!" ఉత్సవ పెద్ద జయచంద్ర కిందనుంచి మైకులో అరిచాడు.

వడమాలపేట దగ్గరి ఆ ఊళ్లో భారతం తిరునాళ్లంటే ఇదే అసలు వేడుక. అర్జునుడి వేషగాడు మాను కొసకెక్కి, శివుడికోసం తపస్సు చేసి, పైనుంచి నిమ్మకాయలు విసరాలి. బిడ్డలకోసం మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో చుట్టూ సాష్టాంగపడి ఉంటారు. నిమ్మకాయ ఎవరికి అందితే వాళ్ల కడుపు పండుతుందని నమ్మకం. ఈ ఏడు వాళ్లలో ఆదిమూలం చెల్లెలు నవీన కూడా ఉంది.

"నేనెక్కలేనన్నా!"

"భయమా?"

"భయం గాదు, పాపం! కంకణం కట్టినాంక నీసు ముట్టినా. నిన్న పుత్తూరులో కోడి బిరియాని తిన్నా. ఈ చేత్తో ఇసిరితే నా చెల్లెలికి మంచి జరగతాదా?"

జనం గొల్లుమన్నారు. జయచంద్ర మొహం ఎర్రబడింది.

"నీతో ఇంకెవురు తిన్నారు?"

ఆదిమూలం కిందకి చూశాడు. వేషాల్లో ఉన్న మిగతా నలుగురు పాండవులూ ఊపిరి బిగబట్టారు.

"నేనొక్కణ్ణే," అంటూ జర్రున దిగేశాడు. పరువు పోయినా మనసు తేలికపడింది.

"సరే, భీముడెక్కు!"

ఎస్టీడీ బూత్ నడిపే భీముడికి మోకాలు పట్టేసింది. ధర్మరాజుకు కళ్లు తిరిగాయి. నకులుడికి ఉన్నట్టుండి కడుపునొప్పి. సహదేవుడైతే జనంలో కలిసిపోయాడు.

నవీన నేలమీద పడుకునే వెక్కుతోంది. ఇక ఈ ఏటికి వరం లేనట్టే.

"నేనెక్కుతా," అంటూ బుర్రమీసాల కుప్పయ్య ముందుకొచ్చాడు. దుర్యోధనుడు!

జయచంద్ర నెత్తి గోక్కున్నాడు. "నీ చేతికీ కంకణముండాది గదా. పో, ఎక్కు."

కుప్పయ్య గద పక్కన పడేసి చకచకా కొసకెక్కాడు. దణ్ణం పెట్టుకుని తొలి నిమ్మకాయ విసిరాడు. అది దొర్లుకుంటూ పోయి నవీన చేతిలో పడింది. ఆదిమూలం కళ్లనీళ్లతో అక్కడికక్కడే దుర్యోధనుడికి సాగిలపడ్డాడు.

జయచంద్ర ఆనందం పట్టలేక మైకందుకున్నాడు. "శబాషప్పా! కౌరవుడివై ఉండీ ఇంత నిష్ఠగా ఎట్లుంటివి?"

కొసనుంచి కుప్పయ్య ఊరంతా వినపడేట్టు చెప్పాడు.

"నాదేముందన్నా! కౌరవుణ్ణని నన్నిడిసిపెట్టి, పాండవులైదుగురే పోయిరి గదా బిరియానికి!"