గాజు తీగ

తెర మీద అమ్మ కనబడగానే జూనీ ఎగిరి ముద్దు పెట్టింది. తెరకే.

“ఛీ, ఎంగిలి! మార్వా చూసిందంటే మనిద్దర్నీ బయటికి గెంటుతుంది” అంది నెల్డా, మనవరాల్ని ఒళ్ళోకి లాక్కుంటూ.

మార్వా వాళ్ళు కూర్చున్న ఊరి లైబ్రరీని చూసుకునే మనిషి. చూడనే చూసింది. చూసి, చూడనట్టు పుస్తకాల బండి తోసుకుంటూ పక్క వరుసలోకి వెళ్ళిపోయింది.

తెరలో ట్రేసీ నవ్వింది. జుట్టు ఇంకా కురచ చేయించుకుంది. ఒంటి మీద అదే యూనిఫారం.

“బంగారం, ఎన్ని పళ్ళొచ్చాయే నీకు? ఏదీ, ఆ అను!”

జూనీ ఆ అనలేదు. తెర వెనక్కి వంగి చూసింది. అక్కడ వైర్లు తప్ప ఏమీ లేవు.

నెల్డా పిల్లని మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది. ఈ మధ్య ఇదొక వరస. ఎక్కడ తెర కనబడితే అక్కడికి ‘అమ్మ’ అంటూ పరుగు. పళ్ళ డాక్టరు గదిలో టీవీని కావలించుకుంది. బ్యాంకులో డబ్బుల మిషన్‌కి ముద్దు పెట్టింది. వెనక నిలబడ్డవాళ్ళు ముచ్చటపడి నవ్వారు. నెల్డాకి మాత్రం ఏడుపొచ్చింది. రెండేళ్ళ పిల్ల, అమ్మంటే పెట్టెలో ఉండే బొమ్మ అనుకుంటోంది. ఇంకొన్నాళ్ళు పోతే ఆ తల్లే ఎదురొచ్చి చేతులు చాపినా, ఎవరో అనుకుని జడుసుకుంటుంది. నెల్డా భయమంతా అదే.

“అమ్మా, గొడుగు తెచ్చావా?” అడిగింది ట్రేసీ. “వాన వచ్చేలా ఉంది.”

“తెచ్చాలేవే. నువ్వు సరిగ్గా తింటున్నావా?”

“పెడుతున్నారు. మొక్కజొన్న రొట్టె మాత్రం రాయే. విసిరితే కుక్క చస్తుంది. జూనీ, ఇటు చూడవే, అమ్మ ఇక్కడ…”

ఇచ్చిన సమయం అయిపోయింది. తెర నల్లబడింది. జూనీ దాన్ని చెళ్ళున ఒకటి కొట్టింది.

“అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!”

వెనక ఎవరో అమ్మాయి, మెడలో కెమెరాతో. పేరు బ్రిన్ అట. రాష్ట్ర రాజధానిలోని పత్రిక నుంచి వచ్చింది. హార్లన్ ఫోర్క్ ఊరి సొంత ఇంటర్నెట్ లైన్‌కి ఏడాది నిండింది కదా, దాని మీద రాయడానికి.

“వీధుల కింద గాజు తీగట కదండీ, వెంట్రుకంత! బొమ్మ ఎంత తేటగా ఉందో. ఊళ్ళో అందరికీ ఉందా?”

“ఇళ్ళకివ్వరమ్మా. బడులకీ, దుకాణాలకీ, సర్కారు భవనాలకీ, అంతే. అందుకేగా మేం ఇక్కడికొచ్చి కూర్చోవడం.”

“ఇది రావాలని ఇల్లిల్లూ తిరిగి ఓట్లడిగింది మీరేనట! మేయర్ చెప్పారు.”

నిజమే, తిరిగింది. పెద్ద ఇంటర్నెట్ కంపెనీవాళ్ళు వద్దు వద్దని టీవీలో ఊదరగొడుతుంటే, ‘మన వీధి కింద మన తీగ’ అని రాసిన అట్ట మెడలో వేసుకుని, కుక్కలు తరిమినా ఒక్క గుమ్మం వదల్లేదు. గెలిచిన రోజు టౌన్ హాల్లో కేకు కోసింది కూడా ఆవిడే.

“తిరిగానమ్మా. చెప్పులరిగేలా తిరిగాను. నా వేలితో నా కన్నే…” అని నెల్డా ఆగిపోయింది.

బ్రిన్ రాసుకునే హడావుడిలో ఉంది. “మీ అమ్మాయి ఏం చేస్తుంది?”

“సర్కారు దగ్గరుంది. తిండీ బట్టా అంతా వాళ్ళదే.”

“ఓ, సైన్యమా! ఎంత గర్వంగా ఉంటుందో మీకు!”

నెల్డా పిల్ల ముక్కు తుడిచింది. తుడవాల్సిందేమీ లేదక్కడ. పక్క వరుసలో మార్వా చేతిలోంచి పుస్తకం ఒకటి జారి కిందపడింది.

“ఎప్పుడొస్తుంది?”

“వాళ్ళు పంపినప్పుడు.”

“లైన్ రాకముందు ఎలా మాట్లాడుకునేవాళ్ళు?”

“ఎదురెదురుగా కూర్చుని. మేమే వెళ్ళేవాళ్ళం. అప్పటికిది చంటిది.”

“చంటిపిల్లతో అంత దూరమా! పోన్లెండి, ఇప్పుడా తిప్పలు తప్పాయి.”

“తప్పించారు. ఇంక రానక్కర్లేదన్నారు.”

“అంత దూరాన ఉండి కూడా ఇక్కడి వాన సంగతి చూసుకుని మీకు గొడుగు గుర్తు చేసింది చూడండి, అదీ కూతురంటే!” బ్రిన్ కళ్ళు మెరిశాయి. “శీర్షిక దొరికేసింది. ‘దూరాన్ని పాతేసిన ఊరు!’ బావుందా?”

“బావుంది. పాతేసి పైన రోడ్డు కూడా వేశారు.”

బ్రిన్ పకపకా నవ్వి, ఆ మాట కూడా రాసుకుంది.

బయట వాన మొదలైంది. జూనీకి చలికోటు తొడిగి చంకనేసుకుంది నెల్డా. బ్రిన్ గుమ్మం దాకా వచ్చింది.

“పిల్ల తడుస్తుంది, కారులో దింపనా? ఎంత దూరం వెళ్ళాలి?”

“దూరమే లేదన్నావుగా” అంటూ నెల్డా గొడుగు విప్పి రోడ్డు దాటింది.

గాజు తీగ వచ్చిన నెలలోనే గాజు కిటికీ ములాఖత్‌లకి తాళం వేసేసిన కౌంటీ జైలు ముందు ఆగి, మూడో అంతస్తు ఊచల వెనక ఊగుతున్న చేతిని చూపించి “అదిగోనే మీ అమ్మ!” అంటే, జూనీ మెడ వెనక్కి తిప్పి లైబ్రరీకేసి చెయ్యి ఊపింది.